ఊపిరితో వంగిన స్వరము



నేడు నేను మనవి చేయబోవునది ఒక చిన్న వాద్యము యొక్క చరిత్ర. అది జేబులో ఇముడును. రెండు అరచేతుల నడుమ దాగును. జాతరలలో బొమ్మల అంగళ్ల వద్ద పిల్లలు కొని ఊదుకొనుచుండు మౌత్ ఆర్గానే ఆ వాద్యము. మనము దానిని ఆటవస్తువుగానే ఎరుగుదుము. కాని సముద్రముల కావల, అమెరికా దేశమున, నల్లజాతివారు ఆ ఆటవస్తువునే చేపట్టి తమ దుఃఖమును, తమ సంతోషమును దానిచే పలికించిరి. బ్లూస్ అనియు, రిథమ్ అండ్ బ్లూస్ అనియు, సోల్ అనియు, ఫంక్ అనియు లోకమంతట ప్రసిద్ధి కెక్కిన వారి సంగీతములో దానికి గౌరవస్థానము లభించినది.

ఈ కథ మనకేల అని పెద్దలు అడుగవచ్చును. వేములవాడ రాజన్న సన్నిధికి వచ్చు భజన మండలుల ముందు ఏ హార్మోనియం పెట్టె ఉండునో, అది ఈ మౌత్ ఆర్గానునకు తోబుట్టువు. రెండును ఒక్క తల్లి బిడ్డలు. అందులో పెద్దదానిని మన దేశమున విద్వాంసులు నిందించిరి. రేడియో వారు ముప్పది యేండ్లు బహిష్కరించిరి. చిన్నదానిని అక్కడ ఎవరును గణ్యముగా ఎంచలేదు. అయినను, పెద్దది చేయజాలదని ఇక్కడ ఏ పనిని గూర్చి అనిరో, ఆ పనినే చిన్నది అక్కడ చేసి చూపినది. అందుచే ఈ రెండు కథలను కలిపి చెప్పుకొనుట ఉచితమని నా అభిప్రాయము.

మొదట వీని పుట్టుక. ఒక పలుచని లోహపు రేకును ఒక కొన బిగించి, రెండవ కొన విడిచిపెట్టి, దాని క్రింద సన్నని సందు ఉంచినచో, గాలి తగిలినప్పుడు ఆ రేకు ఆడి స్వరము పలుకును. మన హార్మోనియం బాగుచేయువారు దీనినే రీడు అందురు. ఈ ఉపాయము చీనా దేశమున వేల సంవత్సరములుగా ఉన్నది. అక్కడ షెంగ్ అను నోటి వాద్యము వెదురు గొట్టములతో చేయబడును. గొట్టముల అడుగున ఇట్టి రేకులు ఉండును. పదునెనిమిదవ శతాబ్దిలో అట్టి వాద్యములు ఐరోపాకు చేరెను. అక్కడి పనివారు ఆ రేకు మర్మమును గ్రహించి పలువిధములైన యంత్రములు కట్టిరి. 1840ల దశకమున పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబాఁ అను నతడు హార్మోనియమునకు హక్కుపత్రము పొందెను. అది కుర్చీపై కూర్చుండి కాళ్లతో తిత్తులు త్రొక్కుచు వాయింపవలసిన పెద్ద పెట్టె. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో స్థాపించిన ద్వార్కిన్ సంస్థ వంటివారు దానిని చిన్నది చేసి, ఒక చేత తిత్తిని విసరుచు, రెండవ చేత మెట్లు నొక్కుచు, నేలపై కూర్చుండి వాయించుకొనుటకు అనువైన రూపమును ప్రచారములోనికి తెచ్చిరి. మౌత్ ఆర్గాను జర్మనీ దేశపు బిడ్డ. ట్రోసింగెన్ అను ఊరిలో మథియాస్ హోనర్ అను గడియారముల పనివాడు 1857లో వీనిని చేయ నారంభించి, తొలి యేట 650 మాత్రము చేసెను. కొలది కాలముననే అవి ఓడలపై అమెరికాకు లక్షల కొలది పోసాగినవి.

ఇక మన హార్మోనియమునకు వత్తము. 1885లో పుట్టిన సురభి నాటక సమాజము మొదలు, నిన్న మొన్నటి పద్యనాటకముల వరకు తెలుగు రంగస్థలమును మోసినది ఈ పెట్టెయే. భజనలో, హరికథలో, చిందు యక్షగానములో అది చేరినది. ఒక పాటగాడు, ఒక తబల, ఒక హార్మోనియం ఉన్నచో ఊరు తెల్లవారువరకు మేలుకొనియుండెడిది. అయినను శాస్త్రజ్ఞులు దానిని ఈసడించిరి. వారి ఆక్షేపణ నిరాధారమైనది కాదు. మన సంగీతమునకు ప్రాణము గమకము. స్వరము నుండి స్వరమునకు గొంతు జారుచు, ఊగుచు పోవును. ఆ నడుమ దారియే రాగమునకు రూపు. హార్మోనియం మెట్టు నొక్కినచో ఒక్క స్వరము పలుకును, విడిచినచో ఆగును. ఒక మెట్టునకును ప్రక్క మెట్టునకును నడుమ ఉన్న సూక్ష్మ శ్రుతులు దానికి అందవు. పైగా దానిలోని పండ్రెండు స్వరస్థానములు పాశ్చాత్యులు తమ అవసరమునకై సరిసమానముగా పంచుకొన్నవి. ఈ కారణములు చూపి ఆలిండియా రేడియో వారు 1940 మార్చి 1వ తేదీ నుండి హార్మోనియమును తమ కేంద్రములలో నిషేధించిరి. అప్పటి కంట్రోలరు లయొనెల్ ఫీల్డెన్ అను ఆంగ్లేయుడు. రవీంద్రనాథ ఠాకూరు కూడ ఈ నిషేధమును సమర్థించెను. ఆ నిషేధము 1971లో గాని సడలలేదు. అంతకాలమును ఊరి భజనలో హార్మోనియం మ్రోగుచునే ఉండెను. రేడియో పెట్టెలో మాత్రము దాని ధ్వని వినరాకుండెను.

రేకు వంగదు, రేకు ఏడ్వదు అనునదే వారి తీర్పు. ఈ మాటను జ్ఞాపకముంచుకొని అమెరికాకు పోవుదము.

అక్కడ బానిసత్వము 1865లో చట్టముచే రద్దయ్యెను. రద్దయినను, దక్షిణ రాష్ట్రములలో నల్లవారి జీవితము పత్తి చేలలో కౌలుతోను అప్పుతోను కట్టుబడియే యుండెను. వారికి పెద్ద వాద్యములు కొను స్తోమతు లేదు. మౌత్ ఆర్గాను వెల స్వల్పము. దానికి తీగలు తెగవు, తోలు చినుగదు. పని ముగించి వచ్చినవాడు జేబులో నుండి తీసి వాయించుకొనవచ్చును. పిమ్మట ఆ ప్రజలు ఊళ్లు విడిచి వలస పోసాగిరి. 1916 మొదలు 1970 వరకు సుమారు 60 లక్షల నల్లవారు దక్షిణపు పల్లెలనుండి శికాగో, డెట్రాయిట్ మొదలగు ఉత్తరపు నగరములకు తరలిరి. వలస యననేమో మన ప్రాంతమునకు చెప్పవలసిన పని లేదు. సిరిసిల్ల నేతకారులు భీవండికిని బొంబాయికిని పోయిరి. జగిత్యాల, కోరుట్ల పల్లెల యువకులు గల్ఫు దేశములకు పోయిరి. పోవువాడు ఇల్లును మోసికొని పోలేడు. జేబులో పట్టునదియే వాని వెంట పోవును. వారి వెంట పోయినది మౌత్ ఆర్గాను.

ఇప్పుడు అసలు మర్మము చెప్పెదను. సామాన్యమైన మౌత్ ఆర్గానునకు పది రంధ్రములు, ఇరువది రేకులు. ప్రతి రంధ్రమునను రెండు రేకులుండును. ఊదినచో ఒకటి, పీల్చినచో వేరొకటి పలుకును. జర్మనీ పనివారు ఊదు స్వరములనే ప్రధానముగా పెట్టి, తమ దేశపు సులభమైన పాటలకు సరిపోవునట్లు దానిని అమర్చిరి. నల్లవారు ఆ అమరికను తలక్రిందులు చేసిరి. రెండవ రంధ్రమున పీల్చిన స్వరమును వారు తమ షడ్జముగా పెట్టుకొనిరి. అనగా ఊదుటకై చేసిన వాద్యమును పీల్చుచు వాయించిరి. ఏలయన, క్రింది ఆరు రంధ్రములలో పీల్చిన స్వరమే వంగును.

ఎట్లు వంగును? నోటిలో నాలుకను వెనుకకు దింపి, 'ఈ' అను ఆకారము నుండి 'ఊ' అను ఆకారమునకు నోటిని మార్చినచో, లోని గాలి నడక మారును. అప్పుడు పీల్పు రేకుతో పాటు అదే రంధ్రములోని రెండవ రేకు కూడ కదలును. రెండింటి పెనుగులాటలో స్వరము క్రిందికి జారును. మన పేర్లలో చెప్పవలెనన్న, ఆ షడ్జమునకు మూడవ రంధ్రపు పీల్పు అంతరగాంధారము. నేర్పరియైనవాడు దానిని సాధారణగాంధారమునకు, అటనుండి రిషభమునకు, ఇంకను క్రిందికి జార్చగలడు. ఈ రెండు గాంధారములకు నడుమ ఎచ్చటనైనను నిలుపగలడు. బ్లూస్ పాటకు ప్రాణమైన స్వరము సరిగా ఆ నడుమనే ఉన్నది. దానిని వారు బ్లూ నోట్ అందురు. అది పియానో మెట్లలో లేదు. మన హార్మోనియం మెట్లలోను లేదు. పెట్టెలో లేని స్వరము ఊపిరిలో దొరికినది. గమకమనుటకు ఇంతకన్న ఏమి కావలెను?

ఇంకొక విశేషము. ఒగ్గుకథలో ముఖ్య కథకుడు ఒక మాట అనగానే వంతవారు అందుకొనుట మీరెరుగుదురు. నల్లవారి పాటలోను ఇట్లే పిలుపు, మారుపలుకు అను పద్ధతి ఉన్నది. అది ఆఫ్రికా నుండి వారి పెద్దలతో వచ్చినది. బ్లూస్ గాయకుడు ఒక చరణము పాడి ఆగును. ఆ ఖాళీలో మౌత్ ఆర్గాను బదులు పలుకును. పాడువాడును వాయించువాడును ఒక్కడే కావచ్చును. తన మాటకు తానే వంత. పెదవికి అంటియుండుటచే ఆ వాద్యము రెండవ గొంతు అయినది.

ఇట్టి వారిలో రేడియోచే కీర్తి గాంచినవాడు డిఫోర్డ్ బెయిలీ. అతడు 1899లో టెన్నెసీ రాష్ట్రమున జన్మించెను. పసితనమున పోలియో సోకి మంచము పట్టి, ఆ మంచముననే మౌత్ ఆర్గాను అభ్యసించెను. రైలుబండి దూరమునుండి వచ్చి, కూత వేసి, వంతెన దాటి పోవు ధ్వనిని ఆ చిన్న పెట్టెలో పలికించుటలో అతనికి సాటి లేరు. నాష్‌విల్ నగరపు రేడియోలో ప్రతి శనివారము జరుగు సంగీత కార్యక్రమమున అతడు మేటి కళాకారుడు. 1927 డిసెంబరులో ఒక రాత్రి అతని రైలుపాట ముగిసిన పిమ్మటనే నిర్వాహకుడు ఆ కార్యక్రమమునకు గ్రాండ్ ఓల్ ఆప్రీ అను పేరు పలికెను. ఆ పేరే నేటికిని నిలిచియున్నది. రేడియోలో అతని జాతి వినిపించదు, వాద్యమే వినిపించును. కాని ఊరూర కచేరీలకు పోయినప్పుడు తెల్లవారైన తోటి కళాకారులు బస చేయు హోటళ్లలో అతనికి చోటు లేదు. వారితో కూడి భుజించుటకు వీలు లేదు. 1941లో అతనిని ఆ కార్యక్రమము నుండి తొలగించిరి. పిమ్మట అతడు బూట్లు తుడుచు దుకాణముతో జీవనము సాగించెను. 1982లో మరణించెను. అతనికి ఆ దేశపు కంట్రీ సంగీత గౌరవమందిరములో స్థానమిచ్చినది 2005లో.

ఈ మాట చెప్పునప్పుడు మన ఊళ్లు నాకు గుర్తు వచ్చుచున్నవి. రాత్రియంతయు చిందువారి ఆట చూచి మెచ్చుకొని, తెల్లవారగానే వారిని వాకిటికి ఆవలనే నిలిపిన కాలమును మనలో పెద్దలు కొందరు కన్నులార చూచియుందురు. కళను లోనికి రానిచ్చి, కళాకారుని వెలుపల నిలుపుట ఒక్క దేశపు దోషము కాదు.

డిఫోర్డ్ బెయిలీని తొలగించిన ఆ 1941లోనే, నవంబరు మాసమున, ఆర్కన్సా రాష్ట్రములోని హెలీనా పట్టణమున ఒక చిన్న రేడియో కేంద్రము మరియొక తలుపు తెరచెను. ఒక పిండి వ్యాపారి తన సరకునకు ప్రకటన కావలెనని మధ్యాహ్నపు వేళ పావుగంట కార్యక్రమము పెట్టించెను. అందులో పాడినవాడు రైస్ మిల్లర్. సన్నీ బాయ్ విలియమ్సన్ అను పేరుతో ప్రసిద్ధుడు. పత్తి చేలలో పనివారు మధ్యాహ్నపు విరామమున ఆ పాట వినిరి. ఆ కార్యక్రమము విని వాద్యము చేపట్టిన బాలురు ఎందరో. రేడియో తలుపు మూయగలదు, తెరవనుగలదు అనుటకు ఈ రెండు ఉదాహరణములు చాలును.

వలసవారితో పాటు ఈ సంగీతము శికాగో చేరినది. అక్కడ సంతలో, బండ్ల రొదలో, గుంపుల అరుపులలో చిన్న మౌత్ ఆర్గాను ఎవరికి వినిపించును? లూయిజియానాలో 1930లో పుట్టిన మేరియన్ వాల్టర్ జేకబ్స్, అనగా లిటిల్ వాల్టర్, దీనికి ఉపాయము కనుగొనెను. మైకును వాద్యముతో చేర్చి రెండు చేతులలో గట్టిగా మూసిపట్టి, విద్యుత్ యంత్రముచే ధ్వనిని పెంచి వాయించెను. అందుచే ధ్వని పెద్దదగుటయే కాదు, దాని రంగే మారినది. సన్నని కూత బొంగురైన నిండు గొంతు అయినది. ఆ కాలముననే, 1949లో, అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్, నల్లవారి పాటల పట్టికకు అంతకు ముందున్న జాతిని సూచించు పేరును తొలగించి, రిథమ్ అండ్ బ్లూస్ అని పేరు పెట్టినది. 1952లో లిటిల్ వాల్టర్ వాయించిన జ్యూక్ అను గీతము ఆ పట్టికలో మొదటి స్థానము పొందెను. అందులో మాట లేదు, పాట లేదు; మౌత్ ఆర్గానే కథానాయకుడు. అతడు 1968లో, నలువది యేండ్లు నిండకుండనే మరణించెను.

పిమ్మట సోల్ అను సంగీతము వచ్చెను. సోల్ అనగా ఆత్మ. గుడిలో దేవునికై పాడు ఆర్తిని లోకపు పాటలో పెట్టుటయే దాని లక్షణము. భజన బాణీలు నాటకములోనికి, నాటకపు బాణీలు భజనలోనికి పోవుట చూచిన మనకు ఇది వింత కాదు. ఈ సోల్ కాలమున మౌత్ ఆర్గానుతో లోకమును ఆకర్షించినవాడు స్టీవీ వండర్. అతడు 1950లో మిషిగన్ రాష్ట్రమున జన్మించెను, శైశవమునుండి అంధుడు. శికాగో రీగల్ థియేటరులో ప్రేక్షకుల ఎదుట అతడు పాడి వాయించిన ఫింగర్‌టిప్స్ అను గీతము 1963లో అమెరికా పాటల పట్టికలన్నింటికి మొదట నిలిచెను. అప్పటికి అతని వయస్సు 13. పాట ముగిసెనని వాద్యకారులు మారుచుండగా బాలుడు మరల వేదిక నెక్కి వాయింపసాగెను. క్రొత్తగా వచ్చిన వాద్యకారుడు ఏ శ్రుతి, ఏ శ్రుతి అని కేక వేయుట ఆ రికార్డులో నేటికిని వినవచ్చును. అతడు వాయించినది మీటతో పండ్రెండు స్వరములును పలుకు క్రోమాటిక్ అను రకము. అన్ని స్వరములును చేతనున్నను అతడు స్వరమును వంచుట మానలేదు. కొరత వలన పుట్టిన విద్య, కొరత తీరిన తరువాత అలంకారమయ్యెను.

ఫంక్ అనునది తాళప్రధానము. ఆవృత్తములోని మొదటి దెబ్బ మీద అందరును కలిసి పడుదురు. 1965లో జూనియర్ వెల్స్ వెలువరించిన హూడూ మ్యాన్ బ్లూస్ అను రికార్డులో మౌత్ ఆర్గాను చిన్న చిన్న ముక్కలుగా, డోలు దెబ్బవలె పలుకును. 1969లో లాస్ ఏంజెలెస్ నగరమున ఏర్పడిన వార్ అను బృందములో లీ ఆస్కర్ అను డెన్మార్క్ దేశస్థుడు నల్లవారితో కలిసి వాయించెను. 1975లో వచ్చిన వారి లో రైడర్ అను పాటలో మౌత్ ఆర్గానును, సాక్సోఫోనును ఒక్క గొంతుగా పలుకును. ఐరోపానుండి వచ్చిన వాద్యము, ఆఫ్రికా ప్రజల చేతిలో మాటలు నేర్చి, మరల ఒక ఐరోపా బాలునికి విద్య అయినది. సంగీతము ఎవరి సొత్తు అనుటకు ఇది సమాధానము.

ఆ 1975లోనే మన దేశమున షోలే చిత్రము వచ్చినది. అందులో రాత్రివేళ అరుగుపై కూర్చుండి కథానాయకుడు ఊదు విషాదస్వరము మీలో అనేకులు వినియుందురు. రాహుల్ దేవ్ బర్మన్ సంగీతమున దానిని నిజముగా వాయించినవాడు భాను గుప్తా. అప్పటికి హార్మోనియం మీది నిషేధము సడలి నాలుగేండ్లు అయినది.

ఇప్పుడు తీర్పు విషయము. హార్మోనియమును ఆక్షేపించినవారు అబద్ధమాడలేదు. తిత్తి గాలికి నోరు లేదు, నాలుక లేదు, కనుక ఆ పెట్టెలో స్వరము వంగదు. మౌత్ ఆర్గానులో రేకు అదే జాతిది; కాని గాలి మనిషిది. అందుచే వంగినది. అయితే మన ఊరి భజనలో గమకమును హార్మోనియం నుండి ఎవరు కోరిరి? పాడువాని గొంతే గమకము పలికినది. పెట్టె శ్రుతిని నిలిపి, అలసిన గొంతునకు ఊతమిచ్చి, పదిమంది రైతులను ఒక్క స్వరముపై నిలిపినది. ఆ సేవను తూచు త్రాసు ఆనాటి రేడియో వారి వద్ద లేకపోయినది. వాద్యమును పరీక్షించిరి, దానిని పట్టుకొన్న ప్రజను పరీక్షింపలేదు.

ఇదే రేడియోనుండి నేను ఈ మాట చెప్పగలుగుట సంతోషము. గ్రామములలో నేడు విద్యుత్ కీబోర్డులు వచ్చుచున్నవి. పాత హార్మోనియములు మూలల చేరుచున్నవి. క్రొత్తదానిని నిందింపవలదు, పాతదానిని పారవేయవలదు. తిత్తి చినిగినచో తోలు వేయించుడు, రీడు మూగవోయినచో తుడిపించుడు, తెలిసినవారుండగానే పిల్లలకు మెట్లు చూపించుడు. జాతరలో మీ మనుమడు మౌత్ ఆర్గాను కావలెనని మారాము చేసినచో, ఆటవస్తువని విదలింపక కొని యిండు. మూడవ రంధ్రమున పీల్చుచు నాలుక దింపి చూడుమని చెప్పుడు. మొదట కీచుమనును, కొన్నాళ్లకు ఆ రేకు వాని ఊపిరికి లొంగును.